రెండు నిమిషాల ఆలస్యం

గుమ్మంలో రిక్షా ఆగి ఉంటుంది. పిల్లలకు తలలు దువ్వడం అయిపోయింది, సంచులు సర్దడం అయిపోయింది, మరచెంబులో నీళ్ళు పోసుకోవడం కూడా అయిపోయింది. ఇంటాయన మాత్రం అప్పుడే తీరిగ్గా అద్దం ముందు నిలబడి గడ్డానికి సబ్బు రాసుకుంటుంటాడు. "ఇంకా బోలెడు టైముందిలే, ఎందుకా కంగారు?" అంటాడు. మనలో ఈ మాట వినని వాళ్ళెవరైనా ఉన్నారా, చెప్పండి!

ఎప్పుడో 1979లో ఇంగ్లండులో తీసిన ఒక టీవీ కథ చూస్తుంటే నాకు ఆ రిక్షానే గుర్తొచ్చింది.

మా తమ్ముడు లండన్ నుంచి వస్తూ ‘టేల్స్ ఆఫ్ ది అనెక్స్‌పెక్టెడ్’ అనే పాత సీరియల్ డీవీడీలు తెచ్చాడు. సీరియల్ అన్నానే గానీ మనం రోజూ చూసే సాగతీత బాపతు కాదు. వారానికో కథ, కథకో కొత్త నటులు, అరగంటలో ఆట కట్టు. ఆంగ్లియా టెలివిజన్ వాళ్ళు తీశారు. 1979లో మొదలై 1988 దాకా వచ్చింది. మొదట వచ్చినవన్నీ రోల్డ్ డాల్ రాసిన కథలే. మన పిల్లలకు ‘చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ’, ‘మటిల్డా’ పుస్తకాలతో తెలిసిన డాలే ఈయన. పిల్లల కోసం రాసిన చేత్తోనే పెద్దవాళ్ళ కోసం ఇంత కారం నూరాడంటే నమ్మబుద్ధి కాదు. మొదట్లో కథ ముందు ఆయనే నిప్పుగూడు పక్కన కుర్చీలో కూర్చుని, ఏదో ఇంటి కబురు చెబుతున్నట్టు నాలుగు మాటలు చెప్పేవాడు. టైటిల్స్‌లో మంటల ముందు ఒకావిడ నీడ నాట్యం చేస్తుంటుంది. దానికి రాన్ గ్రేనర్ కట్టిన బాణీ చూడండి, జాతర రంగులరాట్నం దగ్గర వినిపించే పాటలా హాయిగా ఉంటుంది. హాయిగా ఉండడమే భయం!

వీటిల్లో అందరూ చెప్పుకునేది, మొగుణ్ణి గడ్డకట్టిన గొర్రెపిల్ల తొడతో కొట్టి చంపి, ఆ మాంసాన్నే వండి పోలీసులకు వడ్డించిన ఇల్లాలి కథ. సరదాగానే ఉంటుంది. కానీ నన్ను పట్టుకుని వదలనిది ‘ది వే అప్ టు హెవెన్’. డాల్ ఈ కథను 1954లో ‘న్యూయార్కర్’ పత్రికలో రాశాడు. టీవీలో మిసెస్ ఫాస్టర్‌గా జూలీ హారిస్, ఆమె భర్తగా రోలాండ్ కల్వర్ వేశారు.

కథ ఇదీ. న్యూయార్కులో పెద్ద మేడ, నౌకర్లు, లిఫ్టు అన్నీ ఉన్న ముసలి దంపతులు. ఆవిడకు ఒకటే జబ్బు. రైలు తప్పిపోతుందేమో, విమానం వెళ్ళిపోతుందేమో అన్న భయం. ప్రయాణమంటే చాలు, ఎడమ కంటి కొసన చిన్న నరం టపటపా కొట్టుకుంటుంది. ఆయనకది తెలుసు. తెలిసే, సరిగ్గా ఒకటి రెండు నిమిషాలు ఆలస్యం చేస్తాడు. గంట కాదు సుమండీ! గంటయితే పోట్లాడొచ్చు. రెండు నిమిషాలకు ఏమని పోట్లాడతాం? కావాలనే చేస్తున్నాడా అంటే డాల్ కూడా గట్టిగా చెప్పడు. లెక్క మాత్రం ఎప్పుడూ తప్పదు అంటాడంతే. ముప్ఫై ఏళ్ళకు పైబడిన కాపురంలో ఆవిడ ఒక్కనాడు ఎదురు చెప్పి ఎరగదు.

పారిస్‌లో కూతురుంది. మనవల్ని ఫోటోల్లో చూడటమే. ఎట్టకేలకు ఆరు వారాలు వెళ్ళడానికి భర్త ఒప్పుకున్నాడు. తీరా బయల్దేరాక, మధ్యలో ఆయనకు గుర్తొస్తుంది, అమ్మాయికి ఇవ్వాల్సిన దువ్వెన మరిచిపోయానని. ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంటే దిగి ఇంట్లోకి వెళతాడు. అప్పుడు కారు సీటు సందులో ఆవిడ చేతికి తగులుతుంది ఆ పెట్టె. పడిపోయినట్టు లేదు. ఎవరో వేళ్ళతో లోపలికి నొక్కినట్టుంది.

పరుగున వెళ్ళి తాళంచెవి తలుపులో పెట్టి, తిప్పబోయి ఆగుతుంది. లోపల్నుంచి ఏదో వినిపిస్తుంది. తల ఓరగా పెట్టి అలా నిలబడుతుంది. ఏం విందో డాల్ చెప్పడు. కాసేపటికి తాళంచెవి వెనక్కి లాక్కుని, వచ్చి కారెక్కి "ఇక ఆగడానికి వీల్లేదు, పోనీ" అంటుంది. ఆ మాట అన్న మనిషి అంతకు ముందు మనిషి కాదు. కన్నీళ్ళు లేవు, అరుపులు లేవు. ముఖం మాత్రం మారిపోతుంది.

ఆరు వారాలు మనవలతో గడిపి తిరిగొస్తుంది. వారం వారం ఆయనకు ఉత్తరాలు కూడా రాస్తుంది! ఇంటికొచ్చి చూస్తే గుమ్మం దగ్గర తపాలా గుట్ట, గాలిలో ఏదో వాసన. నౌకర్లు సెలవుల్లో ఉన్నారు, ఆయన క్లబ్బులో ఉండాలి. ఆవిడ ఫోను తీసి, లిఫ్టు రెండో మూడో అంతస్తుల మధ్య ఇరుక్కున్నట్టుంది, ఎవరినైనా పంపండని చెప్పి కుర్చీలో కూర్చుంటుంది.

మొదటిసారి చూసినప్పుడు ఆ క్షణంలో నాకు నవ్వొచ్చిందంటే మీరేమనుకుంటారో! తర్వాత సిగ్గేసింది. మనిషి ఆకలితో, దాహంతో పోయాడు కదా. ఆ ఉత్తరాల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆవిడ మీద మంచి అభిప్రాయం లేదు. కొట్టేవాణ్ణి, తిట్టేవాణ్ణి పదిమందిలో పెట్టొచ్చు. ‘మా ఆయన రెండు నిమిషాలు ఆలస్యం చేస్తాడు’ అని ఏ పెద్దమనుషుల దగ్గరకు వెళ్ళి చెప్పుకుంటాం? పైగా "నిదానస్తుడమ్మా, అదృష్టవంతురాలివి" అంటారు. ఆ పేరులేని బాధను ఒక మగవాడు కనిపెట్టి, దాచిన పెట్టెతో సహా చూపించాడే, అదీ నా ఆశ్చర్యం.

పోయిన వేసవిలో మా అమ్మ నా దగ్గరుంటే ఆవిడకూ వేసి చూపించాను. ఇంగ్లీషు మాటలు నేను చెబుతుంటే అమ్మ ఊఁ కొడుతూ చూసింది. మొదట్లో చెప్పిన రిక్షా మా ఇంటిదే. తెనాల్లో ఉండేవాళ్ళం. పిన్ని సీమంతానికి చీరాల వెళ్ళాలని అమ్మ తెల్లారుజామునే లేచి అన్నీ సర్దింది. నాన్న గడ్డం గీసుకున్నాక ఇంటి తాళంచెవి కనబడలేదు. ఇల్లంతా వెతికాం. రైలు వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు చుట్టాల్లో అదో నవ్వులాట, "తాళంచెవి దొరికిందా అక్కయ్యా?" అని. నాన్న కూడా నవ్వేవారు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది.

కారు సీటు సందులో పెట్టె దొరగ్గానే అమ్మ ఊఁ కొట్టడం ఆపేసింది. కథ అయిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మర్నాడు అన్నానికి బియ్యం తీస్తుంటే డబ్బా అడుగున దొరికిందే," అంది.

"ఏంటమ్మా?"

"తాళంచెవి."

నాన్న బియ్యం డబ్బా మూత తీయగా నేనెప్పుడూ చూడలేదు. నాకు నోట మాట రాలేదు. "మరి ఆయన్ని అడగలేదా?" అన్నాను.

"అడిగితే ఏమంటారు? పిల్లది ఆడుకుంటూ వేసుంటుందనేవారు. నీకప్పుడు నాలుగేళ్ళు. నీ వీపు చిట్లేది. కడిగి మేకుకు తగిలించేశాను."

కళ్ళజోడు పైటచెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఆ కార్లో పెట్టె దొరికే చోటు ఇంకోసారి వెయ్యవే," అంది.