కొమ్ము సొట్టపడినచో



ఒక ఉత్సవమున మన కోవూరిలో పల్లకి ముందు నడచు పిల్లవాని చేతినుండి ఇత్తడి కొమ్ము జారి రాతిమెట్టుపై పడి సొట్టపోయినది. అపశకునము, పెన్నలో విడువుడని కొందరనిరి. పిల్లవాడు ఆ పూట అన్నము ముట్టలేదు. విగ్రహభిన్నమునకు చెప్పిన దోషమును వాద్యమునకు అంటగట్టుట యుక్తము కాదని నా మతము.

మనుస్మృతి పంచమాధ్యాయము కంచును, ఇత్తడిని వేరువేరుగా పేర్కొని, క్షారముతోను పులుపుతోను నీటితోను వానికి శుద్ధి చెప్పినది. ఆ రెంటి భేదము మరమ్మతునందును కలదు. గంటలకు వాడు కంచులో రాగితోపాటు సుమారు ఐదింట ఒకవంతు తగరముండును, అది పెళుసు. పగిలిన గంటను మామూలుగా అతికించినచో పూర్వపు నాదము వచ్చుట కష్టము, తరచుగా కరిగించి మరల పోతపోయుదురు. ఇత్తడి రాగియు తుత్తునాగమును కలసినది, సాగుగుణము గలది. కావున కంచరి కొమ్మును అతుకులవద్ద విప్పి, లోన నునుపైన కడ్డీ దూర్చి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టి సొట్ట తీయును. పదేపదే కొట్టిన ఇత్తడి బిగిసి చిట్లును గనుక నడుమనడుమ కాచి మెత్తబరచును. అతుకు సందున గాలి పోయినచో స్వరము నిలువదు. ఇంటిలో ఎవరికి వారు సుత్తి పట్టవలదు! చింతపండుతో తోమినచో పులుపు మిగులకుండ కడిగి ఆరబెట్టవలెను.

కొమ్ము బాగుపడి వచ్చినది. పుణ్యాహజలము చల్లి, మరల ఆ పిల్లవాని చేతికే ఇచ్చితిమి.