మండువాయింట కాపురము

పట్టణమునందలి మేడగదుల కలవాటుపడిన మేము నిరుడు వైశాఖమున కోనసీమలో నొక పాత మండువాయింటికి కాపురము వచ్చితిమి. నడుమ నాకాశమునకు తెరచియున్న పల్లపు మండువ, చుట్టును వసారాలు, లోపలికి వాలిన పెంకుటికప్పు. 1996 నవంబరు తుపానున పెంకు లేచిపోగా మరల నేయించిరఁట. మొదటి రాత్రి మాకు నిదురపట్టలేదు. తలుపు వేయక వీధిలో పరుండినట్లు తోచెను.

దొంగలకంటె వానయే యెక్కువ భయపెట్టెను. ఆషాఢమున నాలుగు చూరుల నీరును ఒక్కమారుగ మండువలో బడి, తూము పూడి, వసారా గట్టువఱకు నిలిచెను. తూములో దొరికినది మా చంటివాని చొక్కా! నాటినుండి మబ్బుపట్టగనే తూము చూచుకొనుచున్నాము. చూరుక్రింద గంగాళములుంచి పట్టిన నీట పప్పు చక్కగ నుడుకును.

ఆ బెదురుతో మండువపై రేకులు కప్పించితిమి. అది మా తెలివితక్కువ. లోని వేడిగాలి పైకెగసిపోవుటకును, అందువలన తలుపులగుండ క్రొత్తగాలి వచ్చుటకును ఆ తెరపియే దారి. రేకులు పడినపిదప తాళింపుఘాటు ఇల్లు విడువదయ్యెను. పట్టపగలు దీపము కావలసివచ్చెను. అత్తగారికి ఆయాస మెక్కువయ్యెను. మాసము తిరుగకమునుపే తీయించితిమి. దోమతెరలు మాత్రము తప్పవు.

ఇప్పుడు వడియము లెండబెట్టుటకు మిద్దె యెక్కనక్కఱలేదు. అత్తగారు మంచముమీదనుండియే కాకులను తోలుచున్నారు.