ఫైబ్రాయిడ్ శస్త్రచికిత్స పిదప ఉదరపు ఉబ్బు

గర్భాశయపు కండరమునందు పుట్టి పెరిగెడి గట్టి కణితులను వైద్యులు ఫైబ్రాయిడ్లందురు. తెలుగువారి ఇండ్లలో వీనిని గర్భసంచిలోని గడ్డలనియు, ఉర్దూ మాటలాడెడి ఇండ్లలో రసౌలీ అనియు వ్యవహరింతురు. ఇవి సాధారణముగా క్యాన్సరు కావు. పెక్కుమంది స్త్రీలకు వీని ఉనికియే తెలియదు. అధిక రక్తస్రావము, రక్తహీనత, నొప్పి, సంతానము నిలువకపోవుట వంటి బాధలు కలిగినప్పుడే చికిత్స అవసరమగును. గర్భాశయమును నిలిపి, కణితులను మాత్రమే తీసివేసెడి శస్త్రచికిత్సకు మయోమెక్టమీ అని పేరు. లండను శస్త్రవైద్యుడు విక్టర్ బానీ (1872–1953) ఈ పద్ధతికై గట్టిగా వాదించినవారిలో ముఖ్యుడు. ఆయన ఒకే స్త్రీ గర్భాశయమునుండి రెండు వందలకు పైగా కణితులను తీసియు, గర్భాశయమును నిలుపగలిగెను.

మన ప్రాంతమున గర్భసంచినే తీయించుకొనెడివారు ఎక్కువ. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో దేశమంతట సుమారు 3 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతము గర్భాశయమును తొలగించుకొన్నవారని తేలినది. కావున గడ్డలు మాత్రమే తీయించుకొన్న స్త్రీకి, తరువాత ఏమి జరుగునో తన అనుభవముతో చెప్పగల ఇరుగుపొరుగువారు అంత సులభముగా దొరకరు.

నా స్నేహితురాలి చెల్లెలికి ఈ శస్త్రచికిత్స జరిగిన ఆరవనాడు పరామర్శకు వచ్చిన ఖాలా ఒకామె, "గడ్డ తీసినారంటిరి, కడుపింకా అట్లే ఉన్నదేమి బేటీ?" అని అడిగినది. ఆమె మనసులో దురుద్దేశమేమియు లేదు. కాని ఆ రాత్రి ఆ పిల్ల అన్నము ముట్టలేదు. గడ్డ లోపలనే మిగిలినదేమోనని ఆమెకు భయము. పెండ్లి కాని పిల్ల గనుక, చూచినవారు మరేమనుకొందురోనని తల్లికి భయము. ఇద్దరికిని ఉబ్బునకు కారణము తెలియదు.

కారణములలో మొదటిది ప్రేగుల స్తబ్ధత. ఉదరమును తెరచి లోపలి అవయవములను కదలించినప్పుడు ప్రేగులు కొంతకాలము తమ కదలికను మానుకొనును. మత్తుమందును, నొప్పికై ఇచ్చెడి మార్ఫిన్ జాతి మందులును దీనిని పెంచును. చిన్నప్రేగు సాధారణముగా ఒక దినములోపలనే తేరుకొనును. జీర్ణాశయమునకు ఒకటి రెండు దినములు, పెద్దప్రేగునకు రెండు మూడు దినములు పట్టును. ఈలోపల మ్రింగిన గాలియు, లోపల పుట్టిన వాయువును పోవుటకు దారిలేక నిలిచి, కడుపును డోలువలె బిగించును. ఉర్దూలో అఫారా అనెడి ఉబ్బరము ఇదియే. వైద్యుడు ఉదయముననే వచ్చి "గాలి పోయినదా?" అని అడుగుట ఇందులకే. మన ఆడపిల్లలు ఈ ప్రశ్నకు తల వంచుకొందురు. కొందరు పోకున్నను పోయినదందురు. ఆస్పత్రి మంచముపై ఆడెడి అబద్ధములలో ఇంత ప్రమాదకరమైనది మరొకటి లేదని నా అభిప్రాయము. ప్రేగులు మేలుకొన్నవని వైద్యునికి తెలిపెడి ముఖ్యమైన గుర్తు అదియే గదా!

లాపరోస్కోపు పద్ధతిలో ఉదరమున కార్బన్ డయాక్సైడు వాయువును నింపి, పొట్టను గుడారమువలె పైకి లేపుదురు. చివర దానిని వదలివేసినను కొంత మిగులును. అది ఊపిరితిత్తుల క్రిందనున్న విభాజక పటలమును రేపుటచే భుజమున నొప్పి పుట్టును. కడుపులో కోసిన భుజము నొచ్చుట వింతయే! ఆ పటలపు నాడులును, భుజపు చర్మపు నాడులును మెడయొద్ద వెన్నుపాము ఒకే భాగమునుండి బయలుదేరుట ఇందుకు కారణము. మిగిలిన వాయువు రక్తములో కలిసి ఊపిరితో వెలికి పోవును. కొలది దినములలో నొప్పి తీరును.

ఇక గర్భాశయము. సహజముగా సుమారు ఏడున్నర సెంటీమీటర్ల పొడవుండెడి ఈ అవయవము, గడ్డలున్నప్పుడు నాలుగైదు నెలల గర్భమంత పెరుగవచ్చును. గడ్డలు తీసి కుట్లు వేసినంతనే అది పూర్వపు కొలతకు రాదు. కోయబడిన కండరము వాచును. సాగిన గోడ మెల్లగా ముడుచుకొనును. దీనికి రెండు మూడు నెలలు పట్టుట కలదు. పొత్తికడుపు అడ్డకోతకు పైభాగమున చర్మము క్రింద నీరు చేరి మెత్తని గట్టువలె కనబడుటయు సాధారణమే. రక్తహీనతకిచ్చెడి ఇనుము మాత్రలవలన మలబద్ధకము కలిగి, ఆ ఉబ్బును మరికొంత పెంచును.

వైద్యులు అనుమతించినంతనే లేచి నాలుగడుగులు నడచుట, కొంచెము కొంచెముగా పలుమార్లు తినుట, తగినంత నీరు త్రాగుట మేలు చేయును. చ్యూయింగ్ గమ్ నమిలినను ప్రేగులు త్వరగా కదలుననుట నవ్వు పుట్టించినను నిజము. పప్పు తిన్నచో కుట్లు చీము పట్టునని మన పెద్దలు దానిని మాన్పింతురు. చీమునకు కారణము సూక్ష్మజీవులు గాని పప్పు కాదు. దానిలోని మాంసకృత్తులు గాయము మానుటకు కావలసినవే. వాయువునకు జంకువారు పలుచని పెసరకట్టుతో ఆరంభింపవచ్చును. నడుమునకు బిగించెడి పట్టీ నడచునప్పుడు కోతకు ఆసరా ఇచ్చునేగాని, లోపలి వాపును తీయజాలదు.

అయితే ప్రతి ఉబ్బును ఉపేక్షింపదగినది కాదు. దినదినమునకు తగ్గవలసినది పెరుగుచున్నచో జాగ్రత్తపడవలెను. కడుపు రాయివలె బిగిసి, పచ్చని వాంతులై, గాలియు మలమును నిలిచిపోయినచో ప్రేగులకు అడ్డంకియో గాయమో కలిగియుండవచ్చును. ముఖము పాలిపోయి, నాడి వేగముగా కొట్టుకొని, లేవగానే కండ్లు తిరిగినచో లోపల రక్తము స్రవించుచుండవచ్చును. మూత్రపు గొట్టము తీసిన పిదప మూత్రము రాక పొత్తికడుపు గుండ్రముగా ఉబ్బుట, జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటును మించుట, కోతనుండి చీము, దుర్వాసనగల స్రావము, ఒక కాలు మాత్రమే వాచి నొచ్చుట వైద్యునికి వెంటనే తెలుపవలసినవి. ఆయాసము తోడైనచో క్షణమైనను ఆలస్యము చేయరాదు. ఇట్టి సమయమున వాముకషాయములతో రాత్రి గడపి, తెల్లవారిన పిదప చూతమనుట ప్రాణాంతకము కావచ్చును.

ఆ పిల్లకు ఇవేవియు లేవు. ఖాలా వచ్చి వెళ్ళిన మరునాడు నర్సమ్మ ఒక టేపు తెచ్చి, బొడ్డుమీదుగా కొలిచి, అంకెను గోడనున్న క్యాలెండరుపై వ్రాసినది. ఇక ప్రతి సోమవారము తల్లియే కొలిచి వ్రాయుచు వచ్చినది. నాలుగవ సోమవారమునకు అంకె కొంత తగ్గినది. పదవ సోమవారమున ఆమె తన పాత శల్వారును పెట్టెలోనుండి తీసి కట్టుకొన్నది.