నెలలోపు బిడ్డ మరీ బుద్ధిగా నిద్రపోతోందా? ఒకసారి లేపి చూడండి

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి చాలామంది చెల్లెళ్లు ఒకటే అడుగుతున్నారు. "అక్కా, మొదటి కాన్పు. ఇంట్లో తలా ఒక మాట చెప్తున్నారు, ఎవరి మాట వినాలి?" అని. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి. నా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను ఎమ్మిగనూరులో పుట్టింట్లో ఉన్నా. నాలుగో రోజు నుంచి పాప ఒకటే నిద్ర. ఏడుపు లేదు, గోల లేదు. చూడ్డానికి వచ్చినోళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలమ్మా, తల్లిని కష్టపెట్టడం లేదు" అన్నారు. కుట్ల నొప్పితో ఉన్నాను కదా, నాక్కూడా హాయిగానే అనిపించింది. ఏడో రోజు ఆశా అక్క వచ్చింది. పాపను కిటికీ దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి, అరికాలు మీద వేలితో నొక్కి వదిలింది. పసుపుపచ్చగా ఉంది. "ఉచ్చ ఎన్నిసార్లు పోసింది?" అనడిగింది. నేను లెక్కే పెట్టలేదు. గుడ్డలు చూస్తే పొడిగా ఉన్నాయి. ఆ సాయంత్రమే కర్నూలు పోయాం. మూడు రోజులు నీలం లైటు కింద పెట్టారు. ఇప్పుడు బడికి పోతోంది, బాగుంది. కానీ ఇంకో రెండు రోజులు ఆ "బుద్ధి"ని మెచ్చుకుంటూ కూర్చుని ఉంటే?

కామెర్లు చాలామంది బిడ్డలకు రెండో మూడో రోజు కొంచెం వస్తాయి, వాటంతటవే పోతాయి. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులు అరికాళ్ల దాకా పాకినా ఆగకూడదు. ముదిరితే మెదడుకు, వినికిడికి దెబ్బ. పొద్దున ఎండలో పడుకోబెడితే తగ్గిపోతుందిలే అంటారు. ఆ లైటు పని ఎండ చెయ్యలేదండి. ఇంకో తిరకాసు ఏంటంటే, కామెర్లున్న బిడ్డ మత్తుగా ఉంటుంది, మత్తుగా ఉంటే పాలు తాగదు, పాలు తాగకపోతే కామెర్లు ఇంకా పెరుగుతాయి. అందుకే లేపాలి. గుడ్డలు వదులు చేసి, అరికాలు మెల్లగా రుద్ది, మూడు గంటలు దాటకుండా రొమ్ముకు పెట్టాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. అయిదో రోజు నుంచి కనీసం ఆరుసార్లు ఉచ్చ పోస్తే పాలు సరిపోతున్నట్టే. ఫోన్లో నోట్స్ ఉంటుంది కదా, పోసినప్పుడల్లా ఒక గీత పెట్టండి చాలు.

"నాకు పాలు పడలేదక్కా" అని మొదటి రోజే కంగారు పడతారు. మొదటి రోజు బిడ్డ ఒక్కో విడతకు తాగేది ఒక చెంచాకు అటూ ఇటూ. చిక్కగా, పసుపుగా వచ్చే ముర్రుపాలు దానికి సరిపోతాయి. పుట్టిన గంటలోపే పట్టాలి. ఆపరేషన్ అయినా, మెలకువ రాగానే పట్టొచ్చు. మొదటివారం బిడ్డ కొంచెం బరువు తగ్గుతుంది, రెండు వారాలకు మళ్లీ వచ్చేస్తుంది. దానికి భయపడి డబ్బాపాలు మొదలుపెట్టకండి.

ఇక అవ్వల సంగతి. నేను అవ్వలను తిట్టే రకం కాదు. పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట వెయ్యొద్దు, ఉతికిన పాత నూలుగుడ్డ వెయ్యి అంటారే, అది బంగారంలాంటి మాట. ఆదోని అంటేనే పత్తి మార్కెట్టు, ఎమ్మిగనూరు అంటే మగ్గాలు. మెత్తని నూలుగుడ్డ మనకు కరువా? నైలాన్ ఫ్రాకులు ఫోటో కోసం దాచుకోండి. కానీ తేనె నాకించడం మాత్రం వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనెతో ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. చక్కెర నీళ్లు, వస, గ్రైప్ వాటర్ కూడా వద్దు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేస్తారు, అదీ వద్దు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాటుకలో సీసం ఉండొచ్చు. బొడ్డుకు పసుపు, పౌడరు, బూడిద ఏదీ రాయకుండా పొడిగా వదిలేస్తే దానంతటదే రాలిపోతుంది. బాలింతకు నీళ్లు తాగనివ్వరు చూడండి, అది ఇంకా అన్యాయం. మన ఎండల్లో తల్లి నీళ్లు తాగకపోతే ఎట్లా? బిడ్డకు మాత్రం ఎంత ఎండ అయినా నీళ్లు పట్టకండి, పాలే ఎక్కువసార్లు పట్టండి.

మొదటి స్నానానికి తొందర లేదు. కనీసం 24 గంటలు ఆగాలి. రెండున్నర కిలోల కంటే తక్కువ పుట్టిన బిడ్డకైతే డాక్టరు చెప్పేదాకా తుడవడమే. ఎందుకంటే నెలలోపు బిడ్డ తన వేడిని తాను కాపాడుకోలేదు. చెయ్యి వెనక భాగంతో పొట్టను, పాదాలను తాకండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి పట్టింది. వెంటనే మీ రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేట్టు పెట్టుకుని పైన దుప్పటి కప్పండి. కంగారూ పద్ధతి అంటారే, అదే. నాన్న కూడా చెయ్యొచ్చు, సిగ్గెందుకు! రెండూ చల్లగా ఉంటే అట్లా ఎదకు హత్తుకునే ఆసుపత్రికి బయల్దేరండి.

ఊపిరి ఎగబీలుస్తున్నట్టు అనుమానం వస్తే ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, బిడ్డ ఏడవనప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 60 వచ్చినా, దాటినా ప్రమాదమే. ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంటపడినా, పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలినా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టినా రేపు చూద్దాం అనొద్దు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు వంద కిలోమీటర్లు. మన దగ్గర ఆలస్యం అంటే ఈ దూరం కూడా కలుపుకోవాలి. 108కి చెయ్యండి, ఉచితం. ఏడాదిలోపు బిడ్డకు సర్కారు ఆసుపత్రిలో వైద్యం కూడా ఉచితమే. దారిలో కూడా ఎదకు హత్తుకునే ఉంచండి.

ఆశా అక్క 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే మొహమాటం లేకుండా మీరే ఫోన్ చెయ్యండి. అత్తగారింటి నుంచి పుట్టింటికి మారితే ఆ ఊరి అక్కకు కబురు పెట్టండి, లేకపోతే ఇద్దరి లెక్కలోనూ మీరు ఉండరు.

చివరిగా, మిరప కోతలకు గుంటూరు వైపు పోయే కుటుంబాల చెల్లెళ్లకు ఒక మాట. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ టీకా ఇక్కడే అయిపోతాయి. ఆరు వారాల టీకాకు మీరు అక్కడ ఉంటారేమో. తల్లీబిడ్డ కార్డు మూటలో పెట్టుకోండి, ఫోన్లో రెండువైపులా ఫోటో కూడా తీసి ఉంచుకోండి. అది చూపిస్తే అక్కడి ఏఎన్ఎం కూడా వేస్తుంది. ఉంటాను మరి, పాపకు పాల టైమైంది. ఇది రెండో పాప లెండి, ఏడ్చి ఊరంతా లేపుతుంది!