ఎడం లేని వాక్యంలో కంటి నడక

చైనాలోని నాన్జింగ్ నగరంలో యాంగ్‌చీ నది మీద 1968లో ప్రారంభించిన పెద్ద వంతెన ఒకటి ఉంది. ‘నగరం’ అనే మాట కలిపి చైనీస్‌లో దాని పేరు రాస్తే ఏడు అక్షరాలు: నాన్, జింగ్, షీ, చాంగ్, జ్యాంగ్, దా, చ్యావ్. మూడో అక్షరం దగ్గర విరిస్తే ‘నాన్జింగ్ నగర యాంగ్‌చీ మహా వంతెన’. నాలుగో అక్షరం దగ్గర విరిస్తే ‘నాన్జింగ్ మేయర్ జ్యాంగ్ దాచ్యావ్’ అనే పెద్దమనిషి పుట్టుకొస్తాడు. ఆ నాలుగో అక్షరాన్ని చాంగ్ అని పలికితే పొడవు, జాంగ్ అని పలికితే అధిపతి. చైనాలో చాలామందికి తెలిసిన తమాషా ఇది. అయినా వంతెన పేరు చదివి మేయర్ కోసం వెతికేవాళ్లు ఉండరు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదలని రాతలో, ఏ మాట ఎక్కడ ముగిసిందో కంటికి ఎలా తెలుస్తోంది?

చదివేటప్పుడు చూపు పంక్తి వెంట జారుతూ పోతున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి అది గెంతుతుంది. దాదాపు పావు సెకను ఒకచోట నిలుస్తుంది, గెంతి మరోచోట నిలుస్తుంది. గెంతే క్షణంలో కంటికి కొత్తగా అందేదేమీ ఉండదు. చదువంతా నిలిచిన చోట్లలోనే జరుగుతుంది. చైనీస్ పాఠకుల చూపు కదలికలను ఫొటోలుగా పట్టిన తొలి ప్రయోగాల్లో ఒకదాన్ని వాల్టర్ మైల్స్, యూజీన్ షెన్ 1925లో ప్రచురించారు. నిలువు వరుసల్లో, అడ్డ వరుసల్లో కన్ను ఎలా నడుస్తుందో వాళ్లు పోల్చి చూశారు. చైనాలోని పీపుల్స్ డైలీ పత్రిక నిలువు వరుసల నుంచి అడ్డ వరుసలకు మారింది ఆ తర్వాత చాలాకాలానికి, 1956లో.

ఒక్క నిలుపులో కన్ను ఎంత మేర చదవగలదు? దీన్ని కొలిచే ఉపాయం 1975లో జార్జ్ మెక్‌కాంకీ, కీత్ రేనర్ కనిపెట్టారు. చూపు నిలిచిన చోట కొన్ని అక్షరాలే తెర మీద సరిగ్గా కనిపిస్తాయి, చుట్టూ ఉన్నవి చెదిరిపోతాయి. చూపు కదిలితే ఆ కిటికీ కూడా కదులుతుంది. కిటికీని పెంచుకుంటూ పోయి, చదివే వేగం మామూలు స్థాయికి ఎక్కడ చేరిందో చూస్తారు. ఇంగ్లీషులో ఆ మేర ఎడమకు మూడు నాలుగు అక్షరాలు, కుడికి పద్నాలుగు పదిహేను. చైనీస్‌లో ఎడమకు ఒకటి, కుడికి రెండు మూడు మాత్రమే అని 1998లో ఇన్‌హాఫ్, ల్యూ తేల్చారు.

ఇది తక్కువ అనుకోకూడదు. ‘అమ్మ’ అని అర్థమిచ్చే ‘మా’ అక్షరాన్నే చూడండి. ఎడమ సగం స్త్రీని సూచించే గుర్తు, కుడి సగం గుర్రం. గుర్రానికి అమ్మతో పనేమీ లేదు. చైనీస్‌లో గుర్రం పేరు కూడా వేరే స్వరంలో ‘మా’యే కాబట్టి, పలకాల్సిన ధ్వనిని చెప్పడానికి అక్కడ చేరింది. ఒక్కో అక్షరంలో ఇంత సరుకుంది. పైగా చైనీస్ మాటల్లో ఎక్కువ భాగం రెండక్షరాలవే. 2016లో సైమన్ లివర్‌సెడ్జ్ బృందం ఒకే అర్థమున్న వాక్యాలను చైనీస్, ఇంగ్లీష్, ఫిన్నిష్ పాఠకుల చేత చదివించింది. నిలుపుల తీరు భాషకో రకంగా ఉంది. వాక్యం పూర్తిచేయడానికి పట్టిన సమయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి మాటల మధ్య ఖాళీలు పెట్టి చూపిస్తే చైనీయులు ఇంకా వేగంగా చదువుతారా? బాయ్ షుయెజున్, రేనర్ తదితరులు 2008లో ప్రచురించిన ఈ ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా చూపించారు. మామూలుగా ఒకటి, మాట మాటకూ ఖాళీతో ఒకటి, అక్షరం అక్షరానికీ ఖాళీతో ఒకటి, మాటను నడిమికి విరిచి తప్పు చోట ఖాళీతో మరొకటి. చివరి రెండూ చదువును కుంటుపరిచాయి. మాటల మధ్య సరైన ఖాళీ మేలూ చేయలేదు, కీడూ చేయలేదు. అలవాటు లేని రూపం తెచ్చిన ఇబ్బందికీ ఖాళీ ఇచ్చిన ఊతానికీ చెల్లుకు చెల్లయిందని పరిశోధకుల వివరణ. నాకు ముఖ్యంగా తోచేది మరొకటి: అచ్చులో హద్దు లేకపోయినా, పాఠకుడు చదువుతున్నది మాటలనే. లేకపోతే మాటను విరిచినప్పుడు అంత ఇబ్బంది పడేవాడు కాదు. మన తాళపత్ర గ్రంథాల్లోనూ మాటల మధ్య ఎడం ఉండేది కాదు. ఆ చదువు ఎలా సాగేదో ఊహించడానికి ఈ ప్రయోగం కొంత దారి చూపుతుంది.

హద్దు ముందు తెలుస్తుందా, మాట ముందు తెలుస్తుందా? బీజింగ్‌లో పనిచేసే లీ షింగ్‌షాన్, అమెరికాకు చెందిన అలెగ్జాండర్ పొలాట్‌సెక్ 2020లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఆ రెండూ ఒక్క పనే. ‘హ్వా, షంగ్, జాంగ్’ అనే మూడక్షరాలు వరుసగా వచ్చాయనుకుందాం. మొదటి రెండూ కలిస్తే వేరుశనగ, చివరి రెండూ కలిస్తే పెరగడం. చూపు మేరలో పడిన అక్షరాలతో ఏర్పడగల మాటలన్నీ మెదడులో ఒకేసారి మేల్కొంటాయి. నడిమి అక్షరం కోసం రెండు మాటలూ పోటీ పడతాయి. ఎక్కువ వాడుకలో ఉన్న మాటకు మొగ్గు ఉంటుంది. గెలిచిన మాట ఏదో తేలిన క్షణానే దాని హద్దూ తేలిపోతుంది. తర్వాత వచ్చేవాటితో అది పొసగకపోతే కన్ను వెనక్కి తిరుగుతుంది.

తదుపరి గెంతు ఎక్కడ పడాలన్న దగ్గర మాత్రం పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లీషులో దూరం నుంచే ఖాళీ కనిపిస్తుంది కాబట్టి, చూపు సాధారణంగా మాట నడిమికి కాస్త ఎడమగా వాలుతుంది. చైనీస్‌లో కూడా పక్క మాటను ముందే విడదీసుకోగలిగితే కన్ను దాని నడిమికే వెళుతుందని యాన్ మింగ్ బృందం 2010లో వాదించింది. అలాంటి గురి ఏదీ లేదని, ఇప్పటికే ఎంతవరకు అర్థమైందో అంత దాటి చూపు దూకుతుందని లీ బృందం అంటోంది. నాకు ఈ రెండో వాదమే నచ్చుతుంది. 2013లో వాళ్లు కొలిచినప్పుడు, తరచుగా వాడే మాట మీద నుంచి బయల్దేరిన గెంతు అరుదైన మాట మీద నుంచి బయల్దేరినదాని కంటే పొడవుగా పడింది.