అమ్లపిత్తము - ఆహారవిధి

ఛాతీలో మంట, పుల్లని త్రేనుపు, గొంతున చేదు, తిన్నది అరుగకుండుట - వీని నన్నింటిని లోకము నేడు ‘గ్యాస్’ అనియో ‘ఎసిడిటీ’ అనియో ఒక్క మాటతో ముగించుచున్నది. ఆయుర్వేదమున వీనికి అమ్లపిత్తమను పేరు ప్రసిద్ధము. ఆ పేరు విన్నవారు పులుపే దీనికి హేతువని తలంచి, చింతపండు మానినచో చాలునని ఊరకుందురు. శాస్త్రాభిప్రాయము అది కాదు.

పిత్తమునకు సహజరసము కటువనియు, విదగ్ధమైనపుడే అది అమ్లమగుననియు సుశ్రుతుని మతము. కావున అమ్లపిత్తమనగా పులిసిన పిత్తమే గాని, పులుపు తినుటవలన వచ్చినది అని అర్థము కాదు. పెరుగుకుండలో పోసిన పాలు వెంటనే పులియునట్లు, చెడిన కోష్ఠమున పడిన అన్నము పులియునని కాశ్యపసంహిత యందలి దృష్టాంతము. కుండ కడుగక పాలను నిందించుట వ్యర్థము.

చరకసుశ్రుతసంహితలలో ఈ వ్యాధికి ప్రత్యేకాధ్యాయము లేదు. చరకమున గ్రహణీచికిత్సాదులయందు శబ్దమాత్రము కానవచ్చును. 1938లో ముద్రితమైన కాశ్యపసంహిత ఖిలస్థానమునను, మాధవనిదానమునను దీనికి ప్రత్యేకనిరూపణము కలదు. మాధవకరుడు దీనిని ఊర్ధ్వగము, అధోగము అని విభజించెను. అన్నవాహిక క్రిందికొనయందలి కండరవలయము సడలి, జఠరామ్లము పైకెగయుటగా ఆధునికవైద్యులు చెప్పునది ఊర్ధ్వగమునకు సన్నిహితమే గాని, రెండును సర్వాత్మనా ఒకటి కావు.

పులుపు విషయమున చరకుని వచనమొకటి ఆలోచింపదగినది. అమ్లద్రవ్యములు పిత్తకరములే యైనను, ఉసిరికయు దానిమ్మయు అందుకు అపవాదములని సూత్రస్థానమున కలదు. మఱియొకచోట అమ్లపిత్తమును కలిగించువానిలో కులత్థములు, అనగా ఉలవలు, అగ్రగణ్యములని చెప్పబడెను. ఉలవచారును విందులలో మెచ్చుకొను ఆంధ్రులకు ఇది రుచింపకపోవచ్చును. మినుములు, నువ్వులు, పెరుగు, ఉప్పు, కారము, తరవాణివంటి పులిసిన ద్రవములు కూడ అపథ్యములే. పులిసిన పిండితో వేసిన దోసెను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రాతబియ్యపుటన్నము, పెసరకట్టు, పొట్లకాయ, కాకర, ముదిరిన బూడిదగుమ్మడి, అరటిపువ్వు పథ్యములు. వీనిలో చేదువస్తువులకు ప్రాధాన్యము కనబడుచున్నది.

అయినను ఏమి తినవలెనన్న ప్రశ్నకంటె ఎట్లు తినవలెనన్నదే ముఖ్యము. మునుపు తిన్నది జీర్ణము కాకమునుపే మరల తినుట అధ్యశనము. ఉదయము కాఫీ, పిదప ఫలహారము, అది అరుగకముందే భోజనము, సాయంకాలము పకోడీలు, రాత్రి పది గంటలకు మరల భోజనము, వెంటనే శయనము: నేటి గృహస్థుని దినచర్య ఇట్లే నడచుచున్నది. ఇందు చింతపండు మానివేసినంతమాత్రమున ఏమి ఫలము? శుద్ధమైన త్రేనుపు, ఆకలి, శరీరలాఘవము కలిగిన తరువాతనే భుజింపవలెను. కుక్షిని మూడు భాగములు చేసి, ఒకటి ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాతపిత్తకఫముల సంచారమునకు విడువవలెనని చరకుడు విమానస్థానమున విధించెను.

భోజనానంతరము కొంతసేపు సుఖముగా కూర్చుండి, నూఱడుగులు నడచి, ఎడమప్రక్కగా ఒరగవలెనని సుశ్రుతుడు చెప్పెను. ఎడమప్రక్కకు పరుండినచో ఆమ్లము పైకెగయుట తగ్గునని ఆధునికులును అంగీకరించుచున్నారు. రాత్రిభోజనమునకు శయనమునకు నడుమ రెండు మూడు గంటలు విడుచుట, మంచపు తలవైపు కొంత ఎత్తుచేయుట వారు అదనముగా చెప్పునవి. పొగాకు, మద్యము వర్జ్యములని వేఱుగ చెప్పవలెనా?

మంట పుట్టగనే తినేసోడా నీటిలో కలిపి త్రాగుట పలువురి అలవాటు. అది తాత్కాలికోపశమనము మాత్రమే. నిత్యము సేవించినచో హాని, రక్తపుపోటు గలవారికి విశేషముగా. అవిపత్తికరచూర్ణమును సైతము అంగడిలో కొని ఇష్టానుసారము వాడుచున్నారు. అందు విరేచనకరమైన తెగడ అధికముగా ఉండుటచేత, వైద్యుని అనుమతి లేక గర్భిణులు, దుర్బలులు దానిని వాడరాదు.

నూతనమైన అమ్లపిత్తము ప్రయత్నముచే సాధ్యమనియు, చిరకాలికము యాప్యమనియు మాధవకరుని నిర్ణయము. ఏండ్లతరబడి మంట గలవారు పథ్యమును నమ్మి పరీక్ష మానరాదు. మ్రింగుట కష్టమగుట, అకారణముగా బరువు తగ్గుట, నల్లని మలము, రక్తవమనము కనబడినచో జాగు చేయక వైద్యుని చూడవలెను. చెమటతో కూడి భుజమునకో దవడకో ప్రాకు ఛాతీనొప్పి అమ్లపిత్తమని భ్రమింపరాదు. అది హృద్రోగము కావచ్చును. అప్పుడు ఏ చూర్ణమునకును కాలము వ్యర్థపుచ్చక ఆసుపత్రికి కొనిపోవలెను.