నీలం పొగ వస్తే హెడ్ దించాల్సిందేనా? వాల్వ్ స్ప్రింగులు పైనుంచే తీసే పని ఎలా చేస్తారంటే..

ఫజర్‌కి మసీదుకి బయల్దేరుదామని కారు స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి గుప్పుమని నీలం పొగ. రెండు నిమిషాల్లో అది ఆగిపోతుంది, బండి మామూలుగానే నడుస్తుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. గ్యారేజీకి తీసుకెళ్తే ‘‘హెడ్ దించాలి భాయ్, వారం పడుద్ది’’ అంటారు. ఆ బండినే ట్యాక్సీగా తిప్పి ఇల్లు నడుపుకునే కుటుంబానికి వారం అంటే చిన్న మాట కాదు. హెడ్ దించితే గ్యాస్కెట్ కొత్తది వేయాలి, కూలెంట్ వంపాలి, అవసరమైతే హెడ్‌ని ఫేసింగ్‌కి పంపాలి. కొన్ని బండ్లకి ఇదంతా తప్పదు. కానీ పొగ కేవలం వాల్వ్ సీళ్ల వల్లే వస్తుంటే హెడ్ కదపకుండానే పని అయిపోతుంది.

వాల్వ్ సీల్ అంటే వాల్వ్ కాడకి తొడిగిన చిన్న రబ్బరు టోపీ. పైన ఉన్న ఇంజిన్ ఆయిల్ కాడ వెంట కిందకి కారకుండా అది ఆపుతుంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ చుక్కలుగా సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే అది కాలి పొగ అవుతుంది. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి ఎక్సలేటర్ నొక్కినప్పుడు, ఘాట్ రోడ్డు దిగి మళ్లీ రేజ్ చేసినప్పుడు కూడా ఇలాగే కనిపిస్తుంది. అలా కాకుండా రోడ్డు మీద లోడుతో పోతున్నంతసేపూ పొగ వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గాలి ఎగదన్నుతుంటే అనుమానం పిస్టన్ రింగుల మీదకి పోవాలి. అప్పుడు సీళ్లు మార్చడం డబ్బు దండగ.

తేల్చుకోవడానికి కంప్రెషన్ టెస్ట్ ఉంది. గేజీ పెట్టి ఒక్కో సిలిండర్ ఎంత చూపిస్తుందో రాసుకుంటారు. ఏదైనా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వ్ సరిగా కూర్చోవడం లేదని గానీ, గ్యాస్కెట్ పోయిందని గానీ అనుకోవాలి. అప్పుడు హెడ్ దించాల్సిందే. కంప్రెషన్ అన్నిట్లో బాగానే ఉండి పొద్దున పూట మాత్రమే పొగ వస్తుంటే సీళ్ల పనే. ఈ టెస్ట్ చేయకుండానే హెడ్ దించుదామనే మెకానిక్‌ని ‘‘ఉస్తాద్, కంప్రెషన్ ఎంతొచ్చింది?’’ అని అడగడంలో తప్పేం లేదు.

ఇక అసలు చిక్కు. సీల్ ఉండేది స్ప్రింగ్ లోపల. స్ప్రింగ్ వాల్వ్‌ని పైకి లాగి పట్టుకుంటుంది. దాని మీద ఒక ప్లేటు, ప్లేటు మధ్యలో వాల్వ్ కాడ గాడిలో ఇమిడిన రెండు చిన్న అర్ధచంద్రాకారపు లాకులు. వాటినే గ్యారేజీల్లో కాటర్లు అంటారు. కాటర్లు తీసేశాక వాల్వ్‌ని పట్టుకునేదేమీ ఉండదు. జారి సిలిండర్‌లో పడిందంటే, ఏ హెడ్ దించకూడదనుకున్నామో అదే దించాలి. కాబట్టి ఈ పని మొత్తం వాల్వ్‌ని కింది నుంచి ఎలా ఆపి పట్టుకోవాలన్న దాని మీదే ఉంది.

ఎక్కువ మంది చేసేది గాలితో. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ మరలోనే పట్టే అడాప్టర్ బిగించి, కంప్రెసర్ పైపు తగిలిస్తారు. 80 నుంచి 100 పీఎస్ఐ గాలి లోపలే ఉండి వాల్వ్‌ని పైకి నొక్కి పట్టుకుంటుంది. వినడానికి సులువే, కానీ అదే గాలి పిస్టన్‌ని కూడా కిందకి తోస్తుంది. లెక్క చూస్తే భయం వేస్తుంది: పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లు ఉంటే 6 బార్ గాలికి దాని మీద పడే బలం దాదాపు 235 కిలోలు. పిస్టన్ సరిగ్గా పై చివర లేకపోతే క్రాంక్ ఒక్కసారిగా తిరుగుతుంది. క్రాంక్ బోల్టు మీద స్పానర్ మర్చిపోయి ఉంటే అది చేతిని విరగ్గొట్టగలదు. అందుకే ముందు పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పూర్తిగా పైకి తెస్తారు, బండిని టాప్ గేర్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగుతారు, చక్రాలకి రాళ్లు పెడతారు. గాలి కూడా ఒకేసారి కాకుండా మెల్లగా వదులుతారు.

మధ్యలో కరెంటు పోతే? ట్యాంకులో గాలి నిండుగా ఉంటే కొంత టైమ్ ఉంటుంది. పిస్టన్ పైనే ఉంది కాబట్టి చాలా ఇంజిన్లలో వాల్వ్ కొంచెం దిగి పిస్టన్ మీద ఆగుతుంది, అయినా కాడని చేత్తో పట్టుకోవడం మంచిది.

కంప్రెసర్ లేనివాళ్లది తాడు పద్ధతి. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి చేరడానికి కొంచెం ముందు ఆపి, ప్లగ్ రంధ్రంలోంచి పోగులు రాలని నైలాన్ తాడు కూరుతారు. తాడు కొస మాత్రం బయటే వదలాలి. తర్వాత క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ తాడుని వాల్వ్‌ల కిందకి ఒత్తుతుంది. సెల్ఫ్ అస్సలు కొట్టకూడదు. వాల్వ్ తెరుచుకుని ఉన్న స్ట్రోక్‌లో తాడు ఒత్తితే వాల్వ్ వంగుతుంది. ఓపిక ఉన్నవాళ్లకి ఇది గాలి కంటే నమ్మకమైన పద్ధతి, కరెంటుతో పనే లేదు. డీజిల్ బండ్లకి మాత్రం ఇది అంతగా కుదరదు, గ్లో ప్లగ్ రంధ్రం మరీ సన్నం.

తర్వాత చేసేది చేతి పని. ట్యాపెట్ కవర్, రాకర్లు లేదా క్యామ్‌షాఫ్ట్ తీయాలి. టైమింగ్ బెల్ట్ కదిపే బండి అయితే మార్కులు పెట్టుకోవాల్సిందే. ఆయిల్ కిందకి దిగే రంధ్రాల్లో గుడ్డ కుక్కుతారు, ఒక్క కాటర్ అందులో పడినా సంప్ దాకా వెతకాలి. పాత ఇంజిన్లలో ప్లేటు, కాటర్లు అతుక్కుపోయి ఉంటాయి, సాకెట్ పెట్టి సుత్తితో ఒక చిన్న దెబ్బ వేస్తే వదులుతాయి. స్ప్రింగ్‌ని లివర్ టూల్‌తో నొక్కి, మ్యాగ్నెట్‌తో కాటర్లు తీస్తారు. కళ్లద్దాలు లేకుండా ఎవరూ దీని మీద వంగకూడదు. పక్కన నిలబడి చూసే పనినేర్చే పిల్లలకి కూడా అద్దాలు ఇవ్వాలి, స్ప్రింగ్ జారితే కాటర్ ఎటు ఎగురుతుందో చెప్పలేం.

స్ప్రింగ్ తీసినప్పుడే వాల్వ్ కాడని అటూ ఇటూ కదిపి చూడాలి. బాగా ఆడుతుంటే గైడ్ అరిగింది, కొత్త సీల్ కూడా కొన్నాళ్లకే పోతుంది. అలాంటప్పుడు కప్పేసి బండి ఇచ్చేయకుండా ఓనర్‌కి పిలిచి చూపించే ఉస్తాద్‌నే జనం మళ్లీ వెతుక్కుంటూ వస్తారు. గైడ్ బాగుంటే కొత్త సీల్‌కి ఆయిల్ రాసి, కాడ గాడి దానిని చీల్చకుండా ప్లాస్టిక్ తొడుగు వేసి దింపుతారు. ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ సీళ్లు వేరుగా ఉండే బండ్లు ఉన్నాయి, కలిపేయొద్దు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్లో 1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, 2, 3 కలిసి వస్తాయి. పాత మారుతీ 800లో మూడు పిస్టన్లూ 120 డిగ్రీల తేడాతో ఉంటాయి, ఒక్కోదాన్నీ విడిగా పైకి తెచ్చుకోవాలి. ఆరు వాల్వ్‌లే కాబట్టి పని నేర్చుకోవడానికి మంచి ఇంజిన్.

అన్నీ బిగించాక తాడు బయటకి వచ్చిందో లేదో చూసుకుని, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలకపోతేనే ట్యాపెట్ సెట్టింగ్ చూసి స్టార్ట్ చేస్తారు. మొదట్లో కాసేపు పొగ వస్తే కంగారు అక్కర్లేదు, సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్ కాలడానికి టైమ్ పడుతుంది. నాలుగైదు రోజులు పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ తగ్గుతోందేమో చూస్తే చాలు.